ఖాళీ లేని పాట

నాకు చదువు రాదు. బస్సు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడగట్టుకుని ఊరి పేరు చదివేలోపల ఆ బస్సు వెళ్లిపోతుంది. అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. పదో తరగతి దాకా చదివిన పిల్ల. నా మాట వంకరగా ఉన్నచోట సరిచేసుకోమన్నాను. జరిగినదాన్ని మాత్రం సరిచేయవద్దన్నాను.

మా ఊరు నెల్లూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున. గుమ్మం దిగితే ఇసకే. నన్ను చూడకుండా నా గొంతు ఒక్కటే వింటే మగమనిషి అనుకుంటారు. వయసులో ఉన్నప్పటి నుంచీ కోవూరులో చేపల తట్ట దించి, కానాగంతలు, కవళ్లు అని కేకలు వేసి వేసి ఇలా బొంగురుపోయింది. ఈ గొంతుతోనే ఒకసారి రేడియోలో మాట్లాడాను. ఆ రోజు సంగతి చెప్పాలంటే ముందు ఆ రేడియో సంగతి చెప్పాలి.

పొద్దున వార్తలయ్యాక పాత పాటల కార్యక్రమం ఒకటి వస్తుంది. అరవైల నాటి సినిమా పాటలు. ఒకావిడ మాట్లాడుతుంది. మెత్తటి గొంతు, అన్నం మీద నెయ్యి వేసినట్టు ఉంటుంది. ఉత్తగా పాట పెట్టి ఊరుకోదు. ఆ రోజుల్లో మద్రాసులో పాటను రికార్డులోకి ఎలా పట్టేవాళ్లో చెబుతుంది. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకే గదిలో నిలబడాలట. చివరి చరణంలో ఒక్కడు తప్పు కొట్టినా మళ్లీ మొదటి నుంచీ అందరూ పాడాలట. అది విన్న రోజు నాకు ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగే మా పెద్దవల గుర్తొచ్చింది. ఒక్కడు తాడు వదిలితే చాలు, ఒడ్డున ఉన్న వాళ్లందరి కష్టమూ నీళ్లపాలే.

ఆ పాటలు నేను ఎప్పుడు నేర్చుకున్నానో నాకు తెలియదు. మా పుట్టిల్లు పులికాటు సరస్సు పక్కన. పెళ్లి ఉందంటే చాలు, సైకిలు వెనక మైకుసెట్టు కట్టుకుని ఒకడు వచ్చేవాడు. తాటిచెట్టుకు గొట్టం కట్టి రికార్డులు వేసేవాడు. రాత్రీ పగలూ అవే పాటలు. నేనప్పుడు చీర ఊయలలో ఉన్నానట. ఏ సినిమాలోది, ఎవరు ఆడారు, ఎవరు పాడారు అంటే చెప్పలేను. మొదటి తీగ మీటగానే మిగతాదంతా నోటికి వచ్చేస్తుంది.

వాటిలో నాకు మెల్లగా సాగే పాటలు ఇష్టం. ఒక మాట పాడి ఆగిపోతారు. వేణువు కొంచెం వినిపించి అదీ ఆగిపోతుంది. ఏమీ ఉండదు. అప్పుడు మళ్లీ ఆ గొంతు వస్తుంది. ఆ ఏమీ లేని చోట నాకు ఒళ్లు జలదరించేది. పెళ్లయి ఇక్కడికి వచ్చాక, తట్ట నెత్తిన పెట్టుకుని బస్సు కోసం నడిచేటప్పుడు ఆ ఖాళీలు కూడా నాలో నేను పాడుకునేదాన్ని.

మా ఇంటాయనకు అవంటే చచ్చే చిరాకు.

ఆయనకు పాట అంటే మోత. అంతే. అయినా రేడియో లేకుండా ఏ రోజూ సముద్రం మీదికి పోలేదు. ఎందుకో చెబుతాను. ఒడ్డు కనపడకపోతే ఆయన రేడియోతో ఒడ్డును వెతుక్కునేవాడు. ఇది విని నవ్విన వాళ్లున్నారు. మా మామ తరంలో మా ఊళ్లో చాలామంది చేసిన పనే ఇది. ఇంజను ఆపేసి, రేడియోను ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ పోవాలి. తిప్పేకొద్దీ పాట సన్నబడుతుంది. ఇంకొంచెం తిప్పితే పూర్తిగా ఆగిపోతుంది. పాట ఆగిపోయిన చోట రేడియో పొడుగుకొన స్టేషను ఉన్న వైపు చూస్తున్నట్టు లెక్క. ఆ స్టేషను మాకు పడమటి వైపు ఎక్కడో ఉంది. అంటే నేల అటు.

పెళ్లయిన కొత్తలో అడిగాను.

"రెండు కొసలుండాయి గదా. ఒకటి నేల వైపైతే ఇంకోటి సముద్రం వైపు. యాది నేలో ఎట్టా తెలిసేది?"

"ఆ మాత్రం అల చెప్పదా మే? అల యాడికి పోతాది? ఒడ్డుకే గదా."

దారి దొరికాక రేడియోను చేతిలో ఉంచుకోడు. తెప్ప ముందు చెక్క మీద పొడుగ్గా పెట్టి వలదారంతో కట్టేస్తాడు. తెడ్డుతో తెప్పనే మెల్లగా తిప్పుతాడు. పాట చచ్చిపోయిందంటే తెప్ప ముక్కు ఊరి వైపు తిరిగినట్టు. అప్పుడు తాడు లాగి ఇంజను వేసుకుని వస్తాడు. మధ్యలో ఒకటి రెండు సార్లు ఇంజను ఆపి, వినపడటం లేదు గదా అని చూసుకుంటాడు. పాట వినపడిందంటే దారి తప్పినట్టు. వినపడకపోతే ఇంటికి వస్తున్నట్టు. నా మొగుడి లెక్క అది.

ఇప్పుడు తెలిసింది గదా, నా పాటలంటే ఆయనకు ఎందుకు పడదో. మెల్లగా సాగే పాటలో ఖాళీలుంటాయి. రేడియో తిప్పుతుంటే పాట ఆగిందనుకో, అది దారి దొరికి ఆగిందా, పాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారా? ఎలా తెలుస్తుంది? ఒకసారి అలా మోసపోయి దక్షిణంగా చాలాదూరం పోయి, ఎవరిదో ఊళ్లో తెప్ప దిగి, మూడు బస్సులు మారి వచ్చాడు. వస్తూనే నా మీద పడ్డాడు.

"నీ ఏడుపు పాట నన్ను ముంచేసింది మే. ఏందా పాట? ఒక మాట అంటాడు, నిద్రపోతాడు. లేచి ఇంకో మాట అంటాడు."

"నీకు చెవులుంటే గదా."

"చెవులుండబట్టే అరవదేశం దాకా పోకుండా వచ్చినా."

ఆయనకు నచ్చిన పాట ఒకటుంది. నచ్చిందంటే పనికొచ్చిందని. పెళ్లిపందిట్లో ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ గుంపుగా పాడేది. డోలు, తబలా, చప్పట్లు, మధ్యలో కేకలు. మొదలుపెడితే చివరి దాకా గుక్క తిప్పుకోరు. అది రేడియోలో వస్తే చాలు, ఒడ్డున ఉన్నా సరే చెయ్యి ఎత్తి నన్ను పిలిచి మరీ వినిపించేవాడు. "చూసినావా, ఇదీ పాట. సందు లేదు. సూది దూరదు."

మా మరిదికి ఫైబరు బోటు ఉంది. దాంట్లో జీపీఎస్ పెట్టె ఉంది. అందులో బొమ్మ కనిపిస్తుంది, ఆ గీత మీదనే నడుపుకుంటూ వచ్చేస్తాడు. అన్నను ఆట పట్టించకుండా వాడికి పొద్దుపోయేది కాదు.

"అన్నా, నువ్వు పాటలు పాడించుకుంటా రా. నేను టీ తాగి, చుట్ట కాల్చి, నీ కోసం ఒడ్డున కూర్చోనుంటా."

"నీ పెట్టెకి ఛార్జింగు అయిపోతే నన్నే గదరా పిలిచేది."

"పిలిచినా నీకు వినపడదు గదా అన్నా. పాట చచ్చిపోతేనే గదా నువ్వు వచ్చేది."

మేమందరం నవ్వాం ఆ రోజు. ఆయనా నవ్వాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది పుష్యమాసం. మంచు పడే రోజులు. రేడియో ఆవిడ ఆ వారమంతా ఎడబాటు పాటలే వేస్తానని ముందుగానే చెప్పింది. నేను వారం ముందు నుంచీ కాచుకుని ఉన్నాను. ఆ రోజుకు ముందటి సాయంత్రం ఆయన వల బాగుచేసుకుంటూ అన్నాడు.

"రేపట్నించి అన్నీ నీ పాటలే గదా. ఒకడు ఏడస్తాడు, ఒకడు ఆగుతాడు."

"నువ్వు చేపలు పట్టు. పాటలు నేను వింటాలే."

"రేడియో నా దగ్గరుంటే నువ్వు యాడ వినేది?"

"కోడలి ఫోన్లో వింటా. దాంట్లో కూడా వస్తాది ఇప్పుడు."

"ఫోన్లో పాటని యాడికి తిప్పినా అట్టనే మోగతాది. దానికి వైపే తెలియదు. దాన్నేం చేసుకునేది?" అని ఎడమ భుజం రుద్దుకున్నాడు. కొన్నాళ్లుగా అలా రుద్దుకుంటున్నాడు. తెప్పను ఇసక మీద నుంచి నీళ్లలోకి తోసేటప్పుడు మధ్యలో ఆగి నిలబడుతున్నాడు. నెల్లూరు పోయి చూపించుకోమంటే గ్యాసు అన్నాడు. సోడా తాగి పడుకున్నాడు.

తెల్లారుజామున లేచి వెళ్లాడు. నేను నిద్ర మత్తులో ఉన్నాను. వెళుతున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు, పిలవలేదు.

నేను లేచి తలుపు తీసేసరికి ఎదురింటి గోడ కనపడలేదు. అంత మంచు. మా ఊళ్లో ఏటా పడుతుంది గానీ, ఆ రోజు పడినట్టు ముందు చూడలేదు. ఒడ్డుకు వెళితే సముద్రం లేదు. చప్పుడు కూడా లేదు. గాలి లేదు, అల సరిగా లేవడం లేదు. నూనె పోసినట్టు పడి ఉంది నీరు, కాళ్ల దగ్గరికి వచ్చి ఎప్పుడు వెనక్కి పోతోందో తెలియడం లేదు. అల లేకపోతే ఏ కొన నేలవైపో ఆయనకు చెప్పేదెవరు? పోనీ, నీటికి చెయ్యి ఆనించి ఆ మాత్రం పోటు పట్టుకోగలడులే అనుకున్నాను. ముందు పాట దొరకాలి గదా.

బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి. పెట్టెలున్న వాళ్లంతా వచ్చేశారు. మరిది దిగి చుట్టూ చూసి, తెప్ప పెట్టే చోట ఖాళీ చూశాడు.

"అన్న వస్తా ఉన్నాడా వదినా?"

"వస్తా ఉన్నాడు."

ఇది మా ఆచారం. మగమనిషి నీళ్ల మీద ఉండగా రాలేదు అనే మాట ఆ ఇంటి ఆడది అనకూడదు. తప్పిపోయాడు అనకూడదు, భయంగా ఉంది అనకూడదు. గంగమ్మ వింటుంది, అన్నదాన్ని నిజం చేస్తుంది అంటారు. మా అత్త నేర్పింది నాకు, నేను మా కోడలికి నేర్పాను. ఏం జరిగినా వస్తా ఉన్నాడు అనే అనాలి. అడిగేవాళ్లు కూడా రాలేదా అని అడగరు.

"ఇప్పుడే పోయి చూస్తా" అని మరిది బోటు తిప్పబోతే పెద్దవాళ్లు ఆపారు. పెట్టె నువ్వెక్కడున్నావో చెబుతుంది గానీ నీ అన్న ఎక్కడున్నాడో చెప్పదు గదా, ఈ మంచులో తెప్ప మీదికే ఎక్కించేస్తావు, కాస్త తెరిపి ఇవ్వనీ అన్నారు. టపాకాయలు కాల్చారు. పళ్లేలు కొట్టారు. చప్పుడు పది అడుగులు పోయి దూదిలో పడ్డట్టు పడిపోయింది.

వార్తలయ్యే వేళకు కోడలు ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఏదో ఒకటి చెవిలో పడితే నా ముఖం మారుతుందని పాటల కార్యక్రమం పెట్టింది. రేడియో ఆవిడ నమస్కారం చెప్పింది. ఈ పాట పాడేటప్పుడు గాయని కంట నీళ్లు తిరిగి మధ్యలో ఆగిపోయిందనీ, ఆ ఆగిపోవడాన్నే బాగుందని అలాగే ఉంచేశారనీ ఏదో చెప్పింది. పాట మొదలయింది.

నేను ప్రాణం పెట్టుకున్న పాట అది. ఒక మాట. ఖాళీ. వేణువు. ఖాళీ.

ఆయన ఇప్పుడు ఇంజను ఆపుకుని, రేడియో ఒళ్లో పెట్టుకుని ఈ పాటే తిప్పుతున్నాడు. ఆగిన ప్రతిచోటా ఇదేనా దారి అనుకుంటున్నాడు. కాదు అనుకుంటున్నాడు. మళ్లీ తిప్పుతున్నాడు. ఈ పాట తర్వాత ఇలాంటిదే ఇంకోటి. ఈ అరగంట అయిపోతే మాటల కార్యక్రమాలు, మాటల్లో అన్నీ ఖాళీలే.

"దీనికి ఫోను చెయ్యొచ్చు గదా? పాట అడగొచ్చని చెప్తాది గదా ఆయమ్మ" అన్నాను.

కోడలు నా ముఖం చూసింది. "ఇప్పుడు పాటేంది అత్తా?"

"చెయ్యి మే ముందు. ఆ సందు లేని పాట అడగాల."

అప్పుడు దానికి అర్థమైంది. రేడియోలో చెప్పే నంబరు నొక్కింది. దొరకలేదు. మళ్లీ నొక్కింది. ఎవరో ముందు మాట్లాడుతున్నారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక మాస్టారు తన కాలేజీ రోజులు చెప్పుకుంటున్నారట. ఎంతసేపటికీ ఆ కాలేజీ అయిపోదు. చివరికి మోగింది. ఎవరో మగాయన ఎత్తి, ఉండండి కలుపుతాను అన్నాడు. కోడలు ఫోను నా చేతిలో పెట్టింది.

"నమస్కారమండీ, ఎవరు మాట్లాడుతున్నారు?" అంది రేడియో ఆవిడ. రోజూ వినే గొంతు నా చెవిలో నన్నే అడుగుతోంది.

"నెల్లూరు పక్కన సముద్రం ఒడ్డు నుంచి తల్లీ."

"చెప్పండి బాబాయిగారూ."

"బాబాయిని కాదు తల్లీ, ఆడమనిషినే. చేపలమ్మే గొంతు."

ఆవిడ కంగారుపడింది. "అయ్యో, క్షమించండమ్మా. చెప్పండి, ఏ పాట కావాలి? మంచి విషాద గీతం అడగండి."

"అది కాదు తల్లీ. పెళ్లిపందిట్లో ఆడోళ్లంతా చప్పట్లు కొట్టేది ఉండాది గదా. గుంపుగా పాడేది. గుక్క తిప్పుకోకుండా. అది యెయ్యి."

"ఆ పాటా? తెలుసమ్మా, చాలా హుషారైన పాట. కానీ ఈ వారం మనది ఎడబాటు పాటల వారం కదా. వచ్చే వారం తప్పకుండా వేస్తాను."

"వచ్చే వారం దాకా ఆగదు తల్లీ. ఇప్పుడే యెయ్యాల."

"అంత తొందర ఏమిటమ్మా? ఇంట్లో ఏదైనా వేడుకా?"

చెప్పేయాలని నోటి దాకా వచ్చింది. మా ఆయన మంచులో దారి తప్పాడు, ఆయన దగ్గర రేడియో ఉంది, నీ పాటే దారి అని. చెబితే ఒక పాటేంటి, పది వేసేదేమో. కానీ అది గాలిలోకి పోయే మాట. ఊళ్లన్నిటికీ వినపడుతుంది, నీళ్ల మీదికీ పోతుంది. ఆయన ఒళ్లోని రేడియోలోనే వినపడుతుంది. మొగుడు నీళ్ల మీద ఉండగా వాడికే వినపడేలా తప్పిపోయాడని ఏ ఆడది అంటుంది? కోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని వద్దని తల ఊపుతోంది.

"అవును తల్లీ. వేడుకే."

"పెళ్లా?"

"మా ఆయన వస్తా ఉన్నాడు."

"ఓహో! చాలా రోజులకు వస్తున్నారా? దూరదేశం నుంచా?"

"తెల్లారుజామున పోయినాడు."

ఆవిడ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "పొద్దున వెళ్లిన మనిషి తిరిగి వస్తుంటేనే వేడుకా? మీ ఆయన ఎంత అదృష్టవంతులమ్మా! పేరేమిటి?"

"పేరు చెప్పకూడదు తల్లీ."

"సరే, చెప్పొద్దులెండి. ఎదురు చూస్తున్న వాళ్లకు ఎడబాటు పాటలు వేయడం నాకూ ఇష్టం లేదు. మీ కోసం ఈ ఒక్క పాటకు నా వారాన్ని మార్చుకుంటున్నాను."

"దాని తర్వాత కూడా అట్టాంటిదే ఇంకోటి..." అంటుంటేనే ఫోను కట్టయిపోయింది.

కోడలు మళ్లీ రేడియో పెట్టింది. ఫోనులో ఒకటుంది, మామూలు రేడియోలో వచ్చిన కాసేపటికి గానీ ఇందులో రాదు. నా మాటలే నాకు వినపడ్డాయి. ఆడమనిషినే, చేపలమ్మే గొంతు అని. పక్కనున్న ఆడవాళ్లు ఫోను దగ్గరికి జరిగారు. ఎవరూ నవ్వలేదు. నేనన్నాను, "ఆయనకు మనకంటే ముందే పాట మొదలైపోయింటాది" అని.

డోలు మోగింది. చప్పట్లు పడ్డాయి.

ఆ పాటను నేను వినలేదు. మనసులో ఆయన చేతులను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తిప్పుతున్నాడు. ఇప్పుడు సన్నబడింది. ఇప్పుడు ఆగింది, ఇది నిజంగా ఆగడమే. దారం తీశాడు. చెక్క మీద పెట్టి కడుతున్నాడు. తెడ్డు వేస్తున్నాడు. కొంచెం ఎక్కువ తిరిగింది, మళ్లీ వినపడింది, వెనక్కి తిప్పుకున్నాడు. తాడు లాగు. లాగు ఇంక. చప్పట్లు అయిపోయాయి. రేడియో ఆవిడ, వాళ్లింట ఈ వేడుక ఎప్పుడూ ఇలాగే ఉండాలి అంది. తర్వాత మళ్లీ వేణువు.

నేను ఇంజను చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడు పొద్దెక్కిందో తెలియదు. మంచు పైకి లేచింది. ముందు తెప్పలు కనపడ్డాయి, తర్వాత నీళ్లు, తర్వాత నీళ్ల చివర. ఏమీ లేదు అక్కడ. మరిది అప్పటికే బోటు తోసుకుని పోయాడు.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తెప్పను బోటు వెనక కట్టి లాక్కొచ్చాడు. లాక్కొస్తున్నాడంటేనే తెలిసిపోయింది. తెప్పలో మనిషి ఉంటే తాడు ఎందుకు?

మనిషి ఉన్నాడు. పడుకోబెట్టి తన చొక్కా ముఖం మీద కప్పాడు మరిది. ఒంటి మీద దెబ్బ లేదు. నీళ్లలో పడలేదు. వల అంతా లోపలికి లాగి మడత పెట్టి ఉంది, వలలో కవళ్లు ఉన్నాయి. ఇంజను లాగే తాడు కుడిచేతికి చుట్టుకుని ఉంది. ఎంత విప్పినా వేళ్లు విడలేదట, కొక్కెం దగ్గర తాడు కోసేశాడట. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆ తాడు ముందే చెప్పింది.

మరిది ఇసకలో కూలబడి తల కొట్టుకున్నాడు.

"ఎంతో దూరం కాదు వదినా. మంచు లేకుంటే ఈడికే కనపడే దూరం. పెట్టె కొనుక్కోమంటే విన్నాడా? ఆ పాడు రేడియోని నమ్ముకున్నాడు. చూడు, అది కూడా చచ్చిపోయినాది. ఉలుకూ లేదు పలుకూ లేదు."

అప్పుడు చూశాను. ముందు చెక్క మీద రేడియో ఉంది. పొడుగ్గా పెట్టి, వలదారంతో, ఆయన వేసే ముడితో కట్టి ఉంది. తెప్పను ఇసక మీదికి లాగినప్పుడు ముక్కు నేరుగా పడమటికి ఉంది. సన్నటి ఎర్ర దీపం వెలుగుతోంది. శబ్దం లేదు.

నేను ముడి విప్పాను. మెల్లగా విప్పాను, కోయలేదు. రేడియోను చేతిలోకి తీసుకుని అడ్డంగా తిప్పాను.

ఒక్కసారిగా గట్టిగా మోగింది. గొంతు బాగా పెంచి పెట్టుకున్నాడు ఆయన. వ్యవసాయ కార్యక్రమం వస్తోంది. వరికి పురుగు పడితే ఏ మందు ఎంత కొట్టాలో ఒకాయన చెబుతున్నాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. పొడుగ్గా తిప్పాను. ఆగిపోయింది. అడ్డంగా తిప్పాను. మందు కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి అంటున్నాడు.

మరిది లేచి వచ్చాడు. వాడూ ఆ తండ్రి కొడుకే గదా, చిన్నప్పుడు చూసినదే. రేడియో వైపు చూశాడు, తెప్ప ముక్కు వైపు చూశాడు.

"మేం పొయ్యేసరికి కూడా ముక్కు ఇట్టనే ఉండింది వదినా. గాలి లేదు గదా, తిరగలా. ఊరి వైపే చూస్తా ఉండింది. నేనే అది చచ్చిపోయినాదనుకున్నా" అన్నాడు.

"దొరికినాది ఆయనకి" అన్నాను. "తాడు లాగేదొకటే మిగిలినాది."

అప్పుడు ఏడ్చాను. ఇక ఏమన్నా అనొచ్చు గదా.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. గాజులు తీశారు, మెట్టెలు తీశారు. కొడుకు రొయ్యల గుంటల కాపలా నుంచి వచ్చి తలకొరివి పెట్టాడు. వాడు సముద్రం మీదికి పోడు, పోవద్దన్నాను. పెద్దకర్మ అయ్యాక మరిది వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆ రేడియో నాకియ్యి వదినా."

"నీకు పెట్టె ఉండాది గదరా."

"ఉండాది. ఛార్జింగు అయిపోతే?"

ఇచ్చాను. కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చాను. ఇప్పుడు వాడి బోటులో ఉంది.

రేడియో ఆవిడ ఇప్పటికీ ఆ పాటలు వేస్తోంది. మెల్లగా సాగేవి నేను వినలేను. పాట ఆగిన చోట నా చెయ్యి దానంతట అదే ఏదో తిప్పబోతుంది. కోడలు చూసి కట్టేస్తుంది. మామూలు రోజుల్లో ఆ కార్యక్రమం మా ఇంట్లో మోగదు.

మంచు పడిన రోజు మాత్రం ఫోను తీయమంటాను. మా కోడలికి ఆ నంబరు ఇప్పుడు చూడకుండానే వస్తుంది. ఊళ్లో ఎవరి మగవాళ్లు నీళ్ల మీద ఉన్నా సరే. ఆడవాళ్లే వచ్చి మా గుమ్మం ముందు నిలబడతారు, అడగరు, ఊరికే నిలబడతారు. మొన్న పుష్యంలో కూడా అలాగే చేశాం. లైను దొరకగానే నా గొంతు గుర్తుపట్టేసింది ఆవిడ.

"మీరా అమ్మా! సముద్రం ఒడ్డు నుంచి! మళ్లీ ఆ చప్పట్ల పాటేనా?"

"అదే తల్లీ."

"మీ ఇంట్లో ఎప్పుడూ వేడుకలేనమ్మా. మీ ఆయన బాగున్నారా? వస్తున్నారా?"

గుమ్మం ముందు ఆడవాళ్లు నా నోటి వైపే చూస్తున్నారు. మరిది ఇంకా రాలేదు.

"వస్తా ఉన్నాడు తల్లీ" అన్నాను. "పాట యెయ్యి."